సంతదారిన సిమెంటు ఆడవాళ్ళు

మా అమ్మాయి సిమెంటుతో చేసిన మొదటి పని ఒక నాయకుడి చెయ్యి. మనిషంతా ఆమె చెయ్యలేదు, మోచేతి నుంచి చూపుడువేలి దాకా మాత్రమే. విశాఖపట్నంలో విగ్రహాలు చేసే ఒక ముసలి మేస్త్రి షెడ్డులో చేరితే ఆయన అప్పగించింది అదే. అక్కడ ఒకరు కోటు మడతలు చేస్తారు, ఒకరు కళ్ళజోళ్ళు, ఒకరు చేతులు. ముఖం మాత్రం మేస్త్రిదే. చెయ్యి అతికించి విగ్రహం నిలబెట్టాక నన్ను సిటీ బస్సెక్కించి తీసుకెళ్ళి చూపించింది. నాలుగు రోడ్ల మధ్య ఎత్తయిన దిమ్మ మీద నాయకుడు నిలబడి ఎటో వేలు చూపిస్తున్నాడు.

"అమ్మా, ఆ యేలు నాదే" అంది.

తలెత్తి చూశాను. వేలికి గోరు కూడా ఉంది. "అంత ఎత్తునున్న గోరు ఎవలు సూత్తారే?" అన్నాను.

"కాకులు సూత్తాయి" అంది.

మాది అరకు దాటాక కొండ మీద ఊరు. పసుపు, మేం చోళ్ళనే రాగులు, ఇంటి వెనక కాస్త కాఫీ. నేను మూడో తరగతి దాకా చదివి మేకల వెనక పోయాను. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, ఇలా రాస్తాను కూడా, కాకపోతే మెల్లగా. మా ఇంట్లో ఏదీ ఊరికే పోనిచ్చేదాన్ని కాదు. చిరిగిన చీర పొయ్యి గుడ్డ అవుతుంది, పొయ్యి గుడ్డ దీపం వత్తి అవుతుంది. ఈ పిల్ల చిన్నప్పుడు నేను పొయ్యి అలకడానికి తెచ్చుకున్న పుట్టమన్ను తీసి ఎద్దుల్ని చేసేది, మేకల్ని చేసేది, నా ముఖం చేసేది. ఆ ముఖాన్ని నలిపేసి పొయ్యికి పూసేదాన్ని. ఏడ్చేది కాదు. మర్నాడు మళ్ళీ చేసేది, ఇంకా కోపంగా ఉండే ముఖం.

ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగు మాస్టారు ఒకాయన మా ఇంటికొచ్చి, దీన్ని పట్నంలో బొమ్మల చదువుకి పంపమన్నాడు. మా ఆడపడుచు నవ్వింది. "బొమ్మలకి కూడా సదువేటి వదినా? రేపు కూడొండడానికి కూడా సదువంతారు" అంది. నేను మాస్టార్ని రెండు ప్రశ్నలే అడిగాను. అక్కడ హాస్టల్లో అన్నం పెడతారా? ఫీజు ఉంటుందా? అన్నం పెడతారు, గిరిజనుల పిల్లలకి ఫీజు ఉండదు అన్నాడు. అయితే పంపేస్తానన్నాను. ఖర్చు లేని చదువు ఏదైనా మంచిదే అని అప్పటి నా లెక్క. ఇప్పటికీ ఆ లెక్క తప్పని నేననుకోను.

చదువు ముగిసేసరికి తొంభైలు దాటిపోతున్నాయి. ఉద్యోగం ఎవరిస్తారు? మేస్త్రి షెడ్డే గతి. నాయకుల చేతులు అయ్యాక నాయకుల కాళ్ళు, వాళ్ళ చెప్పులు, వాళ్ళ పంచె అంచులు. ఎన్నికలొస్తే పని ఎక్కువ, ఎన్నికలయ్యాక డబ్బులు తక్కువ. ఆ తర్వాత పార్కులకి జింకలు చేసింది, నోరు తెరుచుకున్న కుందేలు చెత్తబుట్టలు చేసింది. మా ఆడపడుచు కొడుకు ఆ కుందేళ్ళని చూసొచ్చి ఊరంతా చెప్పాడు. సంతలో ఆడపడుచు నన్ను ఆపింది.

"నీ కూతురు సెత్తబుట్టలు సేత్తందట కదేటి వదినా?"

"అవును. మీ గుంటడు అందులో సెత్తేత్తన్నాడట, నిజమేనా?" అన్నాను.

పైకి అలా అన్నాను కానీ నాకూ లోపల గుచ్చుకునేది. అంత పనితనం ఉన్న పిల్ల, దాని పని అని చెప్పుకోవడానికి రోడ్డు మీద ఒక్కటీ లేదు. వేలు ఉంది, చెప్పు ఉంది, కుందేలు ఉంది. అన్నీ వేరేవాళ్ళు చెప్పినవే.

కొన్నేళ్ళకి పట్నం వాళ్ళు రోడ్లని అందంగా చేద్దామని పూనుకున్నారు. బస్టాండుకి దగ్గర్లో ఒక జంక్షనులో వెడల్పాటి ఫుట్‌పాత్ కట్టి, అక్కడ పెట్టడానికి బొమ్మ కావాలన్నారు. మేస్త్రి ఆమెతో, "ఈసారి నువ్వే వెళ్ళి చూపించు, నేను వెనక ఉంటాను" అన్నాడట. తను మట్టితో చిన్న నమూనా చేసి పట్టుకెళ్ళింది. నలుగురు ఆడవాళ్ళు, తలల మీద బుట్టలు, సంతకి నడుస్తున్నారు. ఒకరి వెనక ఒకరు.

మా కొండవాళ్ళ నడక అది. కాలిబాటలో పక్కపక్కన నడవడానికి చోటుండదు. ఆ అలవాటు మమ్మల్ని పట్నం దాకా వదలదు. లారీలు పోయే రోడ్డు మీద కూడా మేము ఒకరి వెనక ఒకరమే నడుస్తాం, ముందున్న మనిషి వెనక్కి తిరక్కుండా మాట్లాడుతుంది, చివరి మనిషికి అంతా వినిపిస్తుంది. పట్నం వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేది అందుకే. మా అమ్మాయి ఆ నడకనే చేసింది.

ఆ పని చూసే ఇంజనీరు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ ఆయన మాటలు కొన్ని మా అమ్మాయి అనుకరించి చూపించేది. దిమ్మ ఎంత ఎత్తు కట్టాలి అని అడిగాడట. దిమ్మ వద్దు సార్, నేల మీదే, నడిచే మనుషులకి దిమ్మ ఎందుకు అందట. అయితే ముందున్నావిడ ముఖం మరీ కోపంగా ఉంది, కాస్త నవ్వించకూడదా అన్నాడట.

"సంతకి వెళ్ళేటప్పుడు మా అమ్మ నవ్వదు సార్. తిరిగొచ్చేటప్పుడు నవ్వుతుంది. వీళ్ళు వెళ్తున్నారు" అందట.

ఆయన నవ్వి సంతకం పెట్టాడట. అలా ఆ బొమ్మలు మా అమ్మాయి సొంత పని అయ్యాయి. తల నుంచి మడమ దాకా, తను అనుకున్నది, తను చేసేది.

పని జంక్షనులోనే జరిగింది. చుట్టూ టార్పాలిన్ కట్టి, లోపల ఇనుప ఊచలతో మనుషుల ఆకారం కట్టి, దాని మీద జాలీ చుట్టి, దాని మీద సిమెంటు. చీర నేత కనిపించడానికి మా ఇంటి నుంచి తీసుకెళ్ళిన పేల దువ్వెనతో తడి సిమెంటు మీద గీసింది. సిమెంటు పని అయ్యాక తడి ఆరకూడదు, ఎండాకాలం మరీను. గోనె సంచులు తడిపి చుట్టి, వాటి మీద రోజూ నీళ్ళు పోస్తుండాలి. ఆ సంచుల దగ్గర వచ్చింది చిక్కు.

కొత్త గోనెలు కొనడం ఎందుకని అది కొండెక్కి ఇంటికొచ్చింది. నా పెంపకం కదా. నేను సంతకి పోయిన రోజు. తిరిగొచ్చేసరికి మా ఇంటాయన అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"గుంటొచ్చింది. అటక మీద సంచులు అట్టుకెల్లిపోనాది."

"ఏ సంచులు?"

"గట్టియి సూసి తీసుకున్నాది."

అటకెక్కి చూశాను. చోళ్ళ సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండో కట్ట లేదు. అవి పసుపు సంచులు. ఉతికితే గోనె పీలికలవుతుందని వాటిని నేనెప్పుడూ ఉతకను, దులిపి పెడతానంతే. ఏళ్ళ తరబడి వాడి వాడి పైకి మట్టిరంగులోనే ఉంటాయి, పసుపంతా పోగుల్లో దాక్కుని ఉంటుంది. మన్ను మోయడానికి తీసుకెళ్ళింది కాబోలు అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి బియ్యం, చోడిపిండి మూట కట్టుకుని పాసింజరెక్కి పట్నం దిగాను, పని అయ్యేదాకా దానికి వండిపెడదామని. నేను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే సంచులు విప్పడం. మేస్త్రి కూడా వచ్చాడు. మా అమ్మాయి ముందు మనిషి భుజం మీద సంచి లాగింది.

భుజం ఎర్రగా ఉంది.

రెండో సంచి తీసింది. మెడ ఎరుపు. చీర కుచ్చిళ్ళు ఎరుపు. చెంప మీద నుంచి గడ్డం దాకా ఒక చార. నలుగురు ఆడవాళ్ళకీ సంచి ఎక్కడ అంటుకుందో అక్కడల్లా హారతి పళ్ళెంలో నీళ్ళ రంగు. మా అమ్మాయి చేతిలో సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేస్త్రి ఒక సంచి తీసుకుని వాసన చూశాడు.

"ఏమమ్మాయ్, సిమెంటులో సున్నం ఉంటుందని నేను చెప్పలేదా? సున్నంలో పసుపు పడితే ఏమవుతుందో మీ అమ్మ చెప్పలేదా?"

"నాను సెప్పాను, మీరూ సెప్పారు" అన్నాను. "రెండూ ఒక్క సోటికి తెచ్చుకోడమే దానికి తెల్లేదు."

ముసలాయన నవ్వాడు. "బాగుంది చెల్లెమ్మా. నలుగురికీ ఒకేసారి మంగళస్నానాలు చేయించేసింది."

మా అమ్మాయి నవ్వలేదు. పనివాళ్ళలో ఒకడు ఇనుప బ్రష్షు పట్టుకొచ్చాడు. అతని చేతిలోంచి లాక్కుంది. రుద్దితే మరక పోతుంది, దాంతో పాటు దువ్వెనతో గీసిన నేతా పోతుంది, ముఖాలూ పోతాయి. యాసిడ్ వేసినా అంతే.

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, "రక్తం కారినట్టుంది కదమ్మా. మంత్రిగారు వచ్చి తెర తీస్తే ఇదా కనిపించేది? పెయింట్ కొట్టించెయ్" అన్నాడు. పక్కనున్న కాంట్రాక్టరు అప్పటికే రంగులు చెప్పేస్తున్నాడు. చీరలు ఆకుపచ్చ, రవికలు ఎరుపు, బుట్టలు పసుపు, ఒంటికి కాఫీ రంగు.

"ఎనామిల్ వేస్తే నేత పూడిపోతుంది సార్. కుందేలు చెత్తబుట్టలా ఉంటుంది" అంది మా అమ్మాయి. "ఎండ తగిలితే ఇది పోతుంది. పసుపు మరక ఎండకి నిలవదు. టార్పాలిన్ తీసేయనివ్వండి."

ఇంజనీరు మరకని వేలితో రుద్ది చూశాడు. "మా అమ్మ కూడా అదే అనేది. పసుపు పడ్డ చొక్కా ఎండలో వెయ్యమని. కానీ చొక్కా వేరు, ఇది వేరు" అన్నాడు. చివరికి తెర తీసే రోజు దాకా గడువిచ్చాడు. ఆ ముందు రోజుకి మరక పోకపోతే రంగులే. ఇంకో మాట కూడా అన్నాడు. "టార్పాలిన్ తీస్తే జనం చూస్తారు. ఎర్రటి ఆడబొమ్మలు కనబడితే మనవాళ్ళు ఊరుకోరు. ఎవరైనా కొబ్బరికాయ కొట్టడం మొదలుపెడితే ఇక ఇక్కడ గుడే. గుడిని ఫుట్‌పాత్ మీద ఉంచనివ్వరు, మొత్తం తీయించేస్తారు. చూసుకో మరి."

ఇదీ సంగతి. కప్పి ఉంచితే మరక పోదు, రంగు వేస్తారు. విప్పితే అమ్మవార్లయిపోతారు, పీకేస్తారు. రెండింటిలో ఏది జరిగినా మా అమ్మాయి మళ్ళీ షెడ్డుకి పోయి నాయకుల వేళ్ళు చేసుకోవాలి. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నువ్వు ఊరెల్లిపో. నాకు ఏటీ తోసట్లేదు" అంది.

"నానెల్తే కాపలా ఎవలుంతారు? అన్నం తిను. కంచంలో మెతుకు ఒగ్గీకు, ఊరికే రాదు బియ్యం" అన్నాను.

మర్నాడు టార్పాలిన్ తీసేశారు. నేను గొడుగు, నీళ్ళ సీసా పట్టుకుని ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాను. ఇంజనీరు చెప్పినట్టే అయింది. ఎండ ఎక్కకముందే బస్సు కోసం వచ్చినవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. ఎరుపు రెండు రోజులకి పలచబడి పసుపులోకి తిరిగింది, అది ఇంకా ప్రమాదం. మా వైపు, కిందన మైదానంలో కూడా, పసుపు పూసిన ఆడమనిషి బొమ్మ రోడ్డు పక్కన కనిపిస్తే పేరంటాలనే అంటారు, అమ్మవారి వరసలో చూసి మొక్కుతారు. ఒకామె చెప్పులు విప్పి దండం పెట్టింది. ఇంకొకామె కొంగులోంచి కుంకుమ పొట్లం తీసింది.

"ఆపమ్మా. ఇది అమ్మోరు కాదు" అన్నాను.

"పేరంటాలు కాదేటి మరి? ఒంటి నిండా పసుపుంది కదా?"

"సంచి పసుపు అది. వంట్లోకి ఏసుకునే పసుపు. ఎల్లు, నీ బస్సొచ్చింది."

రిక్షా అతను ఒకడు కొబ్బరికాయ పట్టుకొచ్చాడు. దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, "ఇంటికట్టుకెల్లి పచ్చడి సేయించుకో. రాయికి కొడితే సగం నేలపాలు" అన్నాను. అతనికి కోపమొచ్చింది. "నువ్వెవలే ముసలీ, అమ్మోరికి అడ్డంగా కూకున్నావు? నీకు కళ్ళు పోతాయి" అన్నాడు. నాకు అప్పటికి యాభై నిండాయో లేదో. ముసలీ అన్నందుకు ఇంకో నాలుగు తిట్టాను.

ఒక చిన్న వయసు ఆడమనిషి మాత్రం తిట్టడానికి వీల్లేకుండా వచ్చింది. చంకలో పిల్ల, ఒళ్ళు కాలిపోతోంది. ముందు మనిషి కాళ్ళ దగ్గర పిల్లని పడుకోబెట్టబోయింది. నేను పిల్లని ఎత్తుకున్నాను.

"సూడమ్మా, ఇది సిమెంటు. లోపల ఇనప ఊసలున్నాయి. జరం దీనికి తెల్దు. పద, ఆసుపత్రి ఈ ఈది సివరే ఉంది."

"సిమెంటని నీకెలా తెలుసు?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నా కూతురు సేసింది. నా కడుపున అమ్మోరు పుట్టనేదు, పని సేసుకునే గుంట పుట్టింది."

ఆ మాట అన్నాక నాకే నడుం నిటారైంది. అంతవరకు ఆ మాట బయటి మనిషికి చెప్పుకోవడానికి నాకు చోటు దొరకలేదు. పిల్లని ఆసుపత్రిలో దించి వచ్చాను. నేను లేనప్పుడు మా అమ్మాయి కాపలా కూర్చుంది. దానికి తిట్టడం రాదు. నేను వచ్చేసరికి ముందు మనిషి పాదం మీద రెండు మందారాలున్నాయి. తీసి పారేశాను.

అంతలో మబ్బు పట్టింది. ఎండాకాలం మబ్బు, సముద్రం మీంచి వచ్చి కదలకుండా కూర్చుంది. ఒక జల్లు కూడా పడింది. మరక ముసురులో మళ్ళీ ముదిరినట్టు కనిపించింది. కాంట్రాక్టరు రంగు డబ్బాలు తెచ్చి ఫుట్‌పాత్ మూల పేర్చాడు. మా అమ్మాయి వాటి వైపు చూడకుండా అటూ ఇటూ తిరిగేది. ముఖం నల్లబడిపోయింది. మేస్త్రి ఒక రోజు వచ్చి దాని పక్కన కూర్చుని, "నేను ఇన్నేళ్ళలో ఎన్ని ముఖాలు చేశానో, ఒక్కటీ నేను ఎంచుకున్నది కాదు. ఈ నలుగురూ నా పనైతే, పీకేస్తారన్న భయానికి రంగులవాడితో చెయ్యి కలిపేవాణ్ణే. నువ్వు మాత్రం ఆగు" అన్నాడు. అది ధైర్యం చెప్పినట్టో భయపెట్టినట్టో నాకు అర్థం కాలేదు గానీ, మా అమ్మాయి ఆ రోజు అన్నం తింది.

మబ్బు విడిపోయాక వచ్చిన ఎండ ఇంకోలా ఉంది. మాడు పగిలే ఎండ. మా కొండ మీద పసుపు ఉడకబెట్టి ఆరబోసుకునే రోజుల్లో అలాంటి ఎండ వస్తే పండగలా ఉంటుంది. గొడుగు కింద కూర్చుని చూస్తుండగానే మరక పలచబడిపోతున్నట్టుండేది. మొదట భుజాలు తేటపడ్డాయి, తర్వాత తలల మీది బుట్టలు, ఆ తర్వాత చెంప మీది చార. గడువు రోజుకి ఇంజనీరు వచ్చి ఒక్కొక్కరినీ దగ్గరగా చూశాడు. కుచ్చిళ్ళ మడతల్లో మాత్రం లేత పసుపు మిగిలింది, చూపిస్తే తప్ప కనబడదు.

"ఇది కూడా పోతుందా?"

"తెలీదు సార్. పోకపోయినా ఉంచుతాను" అంది మా అమ్మాయి.

ఆయన కాంట్రాక్టరు వైపు తిరిగి, "డబ్బాలు తీసేయ్" అన్నాడు. ఆ మాటకి మా అమ్మాయి ఏడ్చింది. చిన్నప్పుడు దాని మట్టి ముఖాలు నలిపేసినప్పుడు కూడా ఏడవని పిల్ల.

మంత్రి వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, ఫొటోలు దిగాడు, వెళ్ళిపోయాడు. గోడకి పెట్టిన రాతిపలక మీద పెద్దవాళ్ళ పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అన్నిటికీ కింద చిన్నగా శిల్పి అని ఉంది, పక్కన మా అమ్మాయి పేరు, మా ఇంటిపేరుతో సహా. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. మూడో తరగతి చదువు ఆ ఒక్క రోజుకి సరిపోయింది. తెర తీసే రోజుకని కొండ దిగొచ్చిన మా ఇంటాయన పక్కన నిలబడి, "ఏటున్నాది?" అని అడిగితే రెండోసారి పైకి చదివాను, కాస్త గట్టిగా.

ఆ తర్వాత దాని పని ఆగలేదు. ఇంకో ఊరి బస్టాండు ముందు గంప దించుకునే మనిషిని చేసింది, రాజమండ్రి వైపు ఒక వీధిలో బట్టలుతికే ముసలామెని, ఎక్కడో పై రాష్ట్రంలో కూడా ఏదో చేసింది. అన్నీ నేల మీదే నిలబడతాయి, దిమ్మ ఉండదు. మేస్త్రి పోయేదాకా ఎవరొచ్చినా, "ఇది నా దగ్గర చేతులు చేసిన పిల్ల" అని చెప్పుకునేవాడు. నేను కూడా సంతలో చెప్పుకుంటాను. మా ఆడపడుచు ఇప్పుడు ఏమీ అనదు, అంటే బాగుండునని నాకే ఉంటుంది.

మంత్రి వచ్చి వెళ్ళిన వారానికి నేను ఊరికి బయల్దేరుతూ పొద్దున్నే ఒకసారి జంక్షనుకి వెళ్ళాను. అలవాటుగా గొడుగు పట్టుకునే వెళ్ళాను, ఎవరైనా కొబ్బరికాయతో కనిపిస్తారేమోనని. చేపలమ్మే ఆమె ఒకతె తన గంప దించి రెండో మనిషి కాళ్ళకి ఆనించింది. తడిసిన తలగుడ్డ విప్పి, ముందు మనిషి మోచేతికి వేలాడేసింది, ఆరడానికి. తర్వాత ఆ నలుగురి నీడలో కూర్చుని బీడీ ముట్టించింది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏటమ్మా, అలాగ సూత్తన్నావు? కవ్వళ్ళ సేపలు కావాలేటి?"

"ఈ బొమ్మలు నా కూతురు సేసింది" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, తలగుడ్డ వేలాడుతున్న చేతిని, ఆ ముఖాన్ని తీరిగ్గా చూసింది. "మంచిదే. గంప ఆనుకోడానికి బాగున్నాది" అంది. "ఈ ముందామె ఎవలోగానీ బేరం ఆడితే తగ్గదు, మొకం సూత్తే తెలుత్తంది. తీసుకో, పొద్దున్న బోణీ నీదే."

బేరం ఆడాను. ఆమె చెప్పింది నిజమే, నేను తగ్గలేదు.